ప్రథమ చికిత్స: చేతికి పెట్టవలసిన పరీక్ష

అన్నము తినుచున్న బిడ్డకు పొలమారినచో మన ఇండ్లలో పెద్దవారు వెంటనే నడినెత్తిన నాలుగుమార్లు తట్టి, ఎవరో తలచుకొనుచున్నారని చెప్పి, మంచినీళ్ళు త్రాగింతురు. బిడ్డ దగ్గి దగ్గి, కన్నీరు తుడుచుకొని, మరల ముద్ద అందుకొనును. చాలమార్లు కథ అంతటితో ముగియును. నెత్తిన తట్టుటవలన మేలు కలిగినదని మనము అనుకొందుము గాని, నిజమునకు మేలు చేసినది దగ్గు. గొంతున పడినదానిని బయటికి నెట్టుటకు దగ్గును మించిన సాధనము లేదు. గట్టిగా దగ్గగలిగిన బిడ్డను దగ్గనీయవలెను.

అయితే మరియొక విధమైన పొలమారుట కలదు. అందు దగ్గు ఉండదు, ఏడుపు ఉండదు, మాట ఉండదు. వేరుసెనగ గింజయో, చింతగింజయో, సీతాఫలపు గింజయో ఊపిరి గొట్టమున అడ్డుపడి గాలి లోనికి పోదు, బయటికి రాదు. బిడ్డ నోరు తెరచి బిత్తరచూపులు చూచుచుండును. పెదవులు నీలిరంగు తిరుగును. చప్పుడు చేయదు గనుక, గదిలో ఇరువదిమంది పిల్లలు అల్లరి చేయుచున్నప్పుడు ఆ ఒక్క బిడ్డను ఎవరును గమనింపకపోవుటయు సంభవమే. మెదడునకు ప్రాణవాయువు అందనిచో కొద్ది నిమిషములలోనే మరలింపరాని హాని కలుగును.

ఆ నిమిషములలో బిడ్డ చెంత ఉండునది తల్లి కాకపోవచ్చును. తల్లి పొలములోనో, కార్యాలయములోనో, కర్మాగారములోనో ఉన్నది. చెంతనున్నది అంగన్వాడీ కార్యకర్త, లేదా ఆయా, లేదా పట్టణపు శిశుశాలలో జీతమునకు పనిచేయు పడుచు. ఇట్టివారికి ప్రథమ చికిత్స నేర్పవలెనా అని నేడు ఎవరును ప్రశ్నింపరు. నేర్పవలెనని అందరును ఒప్పుకొందురు. నేను ఈ పూట మాటలాడదలచినది నేర్పుటను గూర్చి కాదు. వారికి వచ్చినదో రాలేదో తెలిసికొనుటను గూర్చి.

నేను చూచిన ఒక శిక్షణ తరగతిని గూర్చి చెప్పెదను. ఊరి పేరు, సంస్థ పేరు అవసరము లేదు. ఒక సభాభవనమున అరువదిమందికి పైగా స్త్రీలు కూర్చుండిరి. వేదికపై ఒక బల్ల, ఆ బల్లపై ఒక బొమ్మ. అది పెద్దమనిషి బొమ్మ. పసిబిడ్డ బొమ్మ లేనేలేదు. ఉపన్యాసకుడు చక్కగా మాటలాడెను, తెరపై చిత్రములు చూపెను. ముందు వరుసలోనివారు ఇద్దరు ముగ్గురు వేదిక ఎక్కి, సిగ్గుపడుచు బొమ్మను నాలుగుసారులు నొక్కి దిగి వచ్చిరి. మిగిలినవారు చప్పట్లు కొట్టిరి. పిమ్మట ప్రశ్నల కాగితము పంచిరి. సమాధానములను ఉపన్యాసకుడే పలుకగా అందరును టిక్కులు పెట్టిరి. సాయంకాలమునకు తేనీరు, యోగ్యతాపత్రము రెండును ఒకే వరుసలో అందినవి.

ఆ పత్రముపై ‘శిక్షణ పొందినది’ అని వ్రాసియున్నది. అది అబద్ధము కాదు. కాని బిడ్డను అప్పగించు తల్లి ఆ మాటను ‘ప్రాణాపాయమున ఆదుకొనగలదు’ అని చదువుకొనును. హాజరైనదానికిని, చేయగలదానికిని నడుమ ఎంత దూరమున్నదో చూపునదే పరీక్ష. పరీక్ష సడలినచో ఆ పత్రము లేకపోవుటకంటె ఉండుటయే ప్రమాదము. అది ఉన్నదన్న ధీమాతో ఎవరును మరి విచారింపరు.

ప్రథమ చికిత్సకు తరగతులు, పత్రములు క్రొత్తవి కావు. 1877లో ఇంగ్లండున సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ ఏర్పడినది. మరుసటి యేట ఊల్విచ్ పట్టణమున పీటర్ షెపర్డ్ అను సైనిక వైద్యుడును, కర్నల్ ఫ్రాన్సిస్ డంకనును సామాన్య పౌరులకు తరగతులు నడిపిరి. ఆ షెపర్డ్ 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా యుద్ధమున మరణించెను. ఆయన కూర్చిన పాఠములు మాత్రము నిలిచినవి. కట్టు కట్టుట, విరిగిన ఎముకకు బద్ద వేయుట వంటివాటిని పరీక్షించుట సులభము. ఎదుట కూర్చున్న మనిషి చేతికే కట్టు కట్టించి, వదులుగా ఉన్నదో బిగిసినదో లాగి చూడవచ్చును.

ఊపిరి పోయించు విద్య అట్లు కాదు. 1903లో షేఫర్ అను శాస్త్రవేత్తయు, 1932లో హోల్గర్ నీల్సన్ అను డెన్మార్కు సైనికాధికారియు ప్రకటించిన పద్ధతులు మనిషిని బోర్లా పరుండబెట్టి వీపు నొక్కునవి. వానిని తోటి విద్యార్థి వీపుపైననే అభ్యసించిరి. 1950వ దశకమున పీటర్ సఫార్ మొదలగువారు నోటితో ఊపిరి ఊదుటయే మేలని నిరూపించిరి. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, ఆగిన గుండెను ఛాతిపై నుండి నొక్కి రక్తమును ఆడింపవచ్చునని లోకమునకు చెప్పిరి. విద్య మేలైనదే, కాని దానిని ఎవరిపై అభ్యసింపవలెను? చక్కగా కొట్టుకొనుచున్న గుండెను అట్లు నొక్కరాదు గదా! ఈ చిక్కు విప్పినవాడు వైద్యుడు కాడు, పిల్లల ఆటబొమ్మలు చేయువాడు. నార్వే దేశమున స్టవాంగర్ పట్టణపు ఆస్మండ్ లేర్డల్, మెత్తని ప్లాస్టికుతో బొమ్మలు చేయుటలో ఆరితేరినవాడు, 1960లో ఊపిరి ఊదినచో ఛాతి పైకి లేచు మనిషి బొమ్మను తయారుచేసెను. ప్రథమ చికిత్సకు చేతి పరీక్ష నిజముగా సాధ్యమైనది ఆ బొమ్మతోనే. నేడు పసిబిడ్డంత బొమ్మలును కలవు. అవి ఉండగా కాగితముపై టిక్కు పెట్టించి పంపుటకు ఏ సాకును చెల్లదు.

పిల్లల పోషణ వృత్తిగా గలవారికి ఈ పరీక్షను ఇతర దేశములు ఎట్లు పెట్టుచున్నవో చూతము. ఇంగ్లండున 2012లో ఒక శిశుశాలలో తొమ్మిది నెలల పాప, తినిపించుచున్న ఆహారము గొంతున అడ్డుపడి మరణించెను. ఆ తలిదండ్రులు దుఃఖమును దిగమ్రింగి, శిశుశాలలలో పనిచేయువారందరికిని ప్రథమ చికిత్స వచ్చి తీరవలెనని ఉద్యమము నడిపిరి. తత్ఫలితముగా 2016లో ఒక నిబంధన వచ్చెను. శిశుపోషణలో క్రొత్తగా యోగ్యత పొంది పనిలో చేరినవారు మూడు నెలలలోగా పసిపిల్లల ప్రథమ చికిత్సయందు పత్రము సంపాదింపనిచో, ఇందరు పిల్లలకు ఇందరు పెద్దవారు ఉండవలెనను లెక్కలో వారిని చేర్చరాదు. మనిషి గదిలో ఉన్నను లెక్కకు లేనట్లే. యజమానికి జీతపు భారము తగులునట్లు చేసిన ఈ యుక్తి నాకు నచ్చినది. ఉపదేశముకంటె త్వరగా పనిచేయును.

ఆ దేశమున పూర్తి శిక్షణ 12 గంటలకు తగ్గరాదు. మూడేండ్ల కొకమారు పత్రమును క్రొత్తది చేసికొనవలెను. శిక్షణ ఇచ్చువారికి పెట్టిన నియమములలో ఒకటి మనము ప్రత్యేకముగా గమనింపదగినది: పసిబిడ్డ బొమ్మలు, చిన్నపిల్లల బొమ్మలు తగినన్ని ఉండి, నేర్చుకొనువారు ప్రతియొక్కరును అభ్యసించి, చేసి చూపవలెను. వేదిక ఎక్కిన ఇద్దరు ముగ్గురు కాదు, ప్రతియొక్కరు.

ఆస్ట్రేలియాలో ఇంకను నిక్కచ్చిగా వ్రాసిరి. విద్యాసంరక్షణ కేంద్రములలో పనిచేయువారికని ప్రత్యేకముగా ఒక ప్రథమ చికిత్స పాఠ్యాంశము కలదు. 2020లో దానిని సవరించి క్రొత్త రూపమున ప్రకటించిరి. మెల్బోర్న్, సిడ్నీ నగరములలో శిశుశాలల ఉద్యోగములకు పోవు మన తెలుగు ఆడపడుచులకు ఈ పరీక్ష తప్పదు. అందులో ఒక వాక్యమును వారు మరచిపోజాలరు. గుండె నొక్కి ఊపిరి ఊదు క్రియను కనీసము రెండు నిమిషములు, ఎడతెగకుండ, ఒంటరిగా, పెద్దమనిషి బొమ్మను నేలపై పరుండబెట్టి చేయవలెను. పసిబిడ్డ బొమ్మకైనచో గట్టి తలముపై నుంచి మరల రెండు నిమిషములు చేయవలెను. అనగా ముప్పదిసారులు నొక్కి రెండుసారులు ఊపిరి ఊదుట చొప్పున ఐదు ఆవృత్తములు.

ఇందలి ప్రతి మాటకును అర్థమున్నది. ముప్పది నొక్కులు ఎవరైనను నొక్కగలరు. మొదటి నిమిషము గడచునప్పటికి భుజములు నొచ్చును, నొక్కు లోతు తగ్గును, లెక్క తప్పును. రెండవ నిమిషమున చేతులు ఏమి చేయునో అదియే ఆ మనిషికి వచ్చిన విద్య. నొక్కు ఆపినప్పుడెల్ల మెదడునకు పోవు రక్తము పడిపోవును గనుక ఎడతెగకుండ అన్నారు. ప్రక్కనున్నవారిని చూచి చేయుట చాల సులభము గనుక ఒంటరిగా అన్నారు. ఇక నేలపై ఎందుకు? బల్లపై నున్న బొమ్మను నిలువుకాళ్ళపై నొక్కుట వేరు, నేలపై పడిన మనిషి ప్రక్కన మోకాళ్ళూని, మోచేతులు వంగకుండ, ఒంటి బరువంతయు దింపుట వేరు. మన స్త్రీలకు ఇందు ఇంకొక చిక్కు కలదు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ క్రింద చిక్కుకొని ముందుకు వంగనీయవు. కొంగు జారి చేతికి అడ్డుపడును. దినమును ఏ బట్టలతో పనిచేయుదురో ఆ బట్టలతోనే పరీక్ష జరుగవలెను. కొంగు నడుమున దోపుకొనుట కూడ అభ్యాసములో భాగమే.

పసిబిడ్డకు గొంతున అడ్డుపడినప్పటి పరీక్షను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏడాది లోపు బిడ్డనైనచో ముంజేతిపై బోర్లా పరుండబెట్టి, తల ఛాతికంటె క్రిందికి ఉండునట్లు, దవడ క్రింద వ్రేళ్ళతో ఆనించి పట్టి, రెండు రెక్కల నడుమ అరచేతి మణికట్టు వైపు భాగముతో ఐదు దెబ్బలు కొట్టవలెను. వస్తువు రానిచో బిడ్డను వెల్లకిల త్రిప్పి ఛాతి నడిమి ఎముకపై ఐదుమార్లు నొక్కవలెను. ఒకదాని తరువాత ఒకటిగా ఇవి సాగవలెను. ఏడాది దాటిన పిల్లలకు వీపు దెబ్బల తరువాత ఛాతిపై గాక, వెనుక నుండి చేతులు చుట్టి బొడ్డునకు పైన లోనికి మీదికి నొక్కవలెను. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కరాదు. లోని అవయవములు చితుకవచ్చును. నోటిలో వస్తువు కంటికి కనబడినచో తీయవలెను. కనబడనిచో వ్రేలు పెట్టి తడుమరాదు. తడుముటవలన అది ఇంకను లోతునకు పోవును. బిడ్డ స్మృతి తప్పినచో ఈ దెబ్బలు మాని, గుండె నొక్కుట, ఊపిరి ఊదుట ఆరంభింపవలెను.

ఇదంతయు పుస్తకమున చదివి చెప్పుట కష్టము కాదు. పరీక్షించువాడు చూడవలసినది వేరు. ‘గొంతున అడ్డుపడినది, ఏమి చేయుదువు?’ అని అడిగినచో సగము సమాధానము ఆయనయే చెప్పినట్లు. ఏమి జరిగినదో కనిపెట్టుటయే కదా మొదటి పరీక్ష! మంచి పరీక్షకుడు బొమ్మను చేతికిచ్చి, ‘ఈ బిడ్డ గట్టిగా దగ్గుచున్నది’ అని మాత్రము చెప్పును. అప్పుడు ఆమె వీపుపై బాదుట మొదలుపెట్టినచో తప్పు. దగ్గుమని ప్రోత్సహించుచు కనిపెట్టుకొని ఉండవలెను. కొంతసేపటికి ఆయన, ‘దగ్గు వినబడుట లేదు’ అనును. ఆ మాటకును, ఆమె మొదటి దెబ్బకును నడుమ ఎన్ని క్షణములు గడచినవో చూడవలెను. బిడ్డ తల క్రిందికి ఉన్నదా, దవడను పట్టిన వ్రేళ్ళు మెత్తని గొంతును నొక్కుచున్నవా, దెబ్బలో బలమున్నదా, లేక జోకొట్టుచున్నదా? పసిబిడ్డను కొట్టుటకు ఆడవారి చేయి రాదు. బొమ్మ అని తెలిసియు రాదు. ఆ జంకు తీరునంతవరకు అభ్యాసము చేయించుట బోధకుని పని. తీరినదో లేదో చూచుట పరీక్షకుని పని. వీలైనచో ఈ రెండు పనులు ఇద్దరు మనుష్యులకు అప్పగించుట మంచిది. తాను నేర్పినవారిని తానే తప్పించుట ఎవరికిని మనసొప్పదు.

గుండె ఆగినవారికి చేయు సేవను గూర్చి ఒక్క విషయము. పెద్దవారికి నోటితో ఊపిరి ఊదకుండ ఛాతి మాత్రమే నొక్కు పద్ధతిని నేడు సామాన్య జనులకు విరివిగా నేర్పుచున్నారు. అది పెద్దవారికి తగినదే, ఎందుకనగా వారిలో సాధారణముగా గుండెయే ముందు చెడును. పిల్లలలో అట్లు కాదు. ఊపిరి ముందు ఆగి, దానివలన గుండె ఆగుట ఎక్కువ. నీటిలో పడిన బిడ్డ, గొంతున గింజ పడిన బిడ్డ ఈ కోవకు చెందినవారే. కావున శిశుశాలలో పనిచేయువారికి పెద్దవారి పాఠము చెప్పి, పెద్దవారి బొమ్మపై పరీక్షించి పంపుట చాలదు. ఊదిన గాలికి ఛాతి లేచినదా అన్నదే వారి పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న. పసిబిడ్డకు నోరును ముక్కును కలిపి తన నోటితో మూసి, బుగ్గలలోని గాలి మాత్రము మెల్లగా ఊదవలెను. నొక్కు లోతు ఛాతి మందములో మూడవవంతు, పసిబిడ్డకు సుమారు 4 సెంటీమీటర్లు. వేగము నిమిషమునకు 100 నుండి 120.

కొన్ని వివరములలో దేశమునకును దేశమునకును భేదము కలదు. పసిపిల్లల విషయమున ఇంగ్లండులో ముందు ఐదు ఊపిరులు ఊది తరువాత నొక్కుమందురు; ఆస్ట్రేలియాలో నొక్కుటతోనే ప్రారంభింతురు. ఏది మేలని మనము తగవులాడుకొన పనిలేదు. కాని ఒక తరగతిలో ఒక పద్ధతి చెప్పి, పరీక్షలో మరియొక పద్ధతి అడిగి, వచ్చే యేట మూడవదానిని తెచ్చినచో, ఆపద సమయమున ఆ స్త్రీ ఏది చేయవలెనని నిలబడి ఆలోచించును. పరీక్షా ప్రమాణమనగా ముందు ఏదో ఒక పద్ధతిని నిశ్చయించి, దానికి కట్టుబడుట.

మన దేశమున పరీక్షలో మరియొక భాగము చేర్చవలెనని నా అభిప్రాయము. చేయవలసిన పనులను అడుగుచున్నాము; చేయరాని పనులను అడుగుట లేదు. మన ఇండ్లలో ప్రథమ చికిత్స లేకపోలేదు. తరతరములుగా వచ్చిన చికిత్సలు కలవు, ఆపద రాగానే చేయి దానంతట అదియే వానివైపు పోవును. కాలినచోట సిరా పోయుట, దంతధావనపు పేస్టు పూయుట, పసుపు అద్దుట మనకు తెలియనివి కావు. ఫిట్స్ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుదురు. పండ్ల నడుమ చెంచా దూర్తురు. కిరసనాయిలు త్రాగిన బిడ్డకు ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయింతురు. నీటిలో మునిగిన బిడ్డను కాళ్ళు పట్టుకొని గిరగిర త్రిప్పుదురు. వీనిలో కొన్ని నిష్ప్రయోజనములు, కొన్ని ప్రాణాంతకములు. కిరసనాయిలు వాంతి అగునప్పుడు ఊపిరితిత్తులలోనికి పోయినచో కలుగు హాని, కడుపులో ఉన్నప్పటికంటె ఎక్కువ.

అంగన్వాడీలో వంట కలదు, వేడి సాంబారు గిన్నె కలదు, చుట్టును నడక నేర్చిన పిల్లలు కలరు. కాలిన బిడ్డకు చేయవలసినది ఒక్కటే పెద్ద పని: చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయుట. మంచుగడ్డ పెట్టరాదు. కుళాయి లేనిచోట బిందెయు చెంబును చాలును. పరీక్షలో ఈ 20 నిమిషములను గడియారము పెట్టి చేయించి చూడవలెను. చేసి చూచినవారికే తెలియును, అది ఎంత దీర్ఘకాలమో! రెండు నిమిషములకే చాలునని చెంబు దించుదురు. అంతలో ప్రక్కింటి ముసలమ్మ పేస్టు తెచ్చి నిలుచును. ఆ ముసలమ్మను నొప్పింపకుండ వారించుట కూడ పరీక్షలో ఒక ఘట్టముగా పెట్టవచ్చును. తోటి విద్యార్థినిలో ఒకతె ముసలమ్మ వేషము కట్టినచో చాలును. నేను పరిహాసమాడుట లేదు. పల్లెలో ఆపద జరిగినప్పుడు అంగన్వాడీ కార్యకర్త ఒంటరిగా ఉండదు. సలహాలు చెప్పువారు పదిమంది ఉందురు. వారి నడుమ నిలబడి తాను నేర్చినదానిని చేయగలుగుటయే ఆమెకు అసలైన పరీక్ష.

ఇక మన ఏర్పాట్లను గూర్చి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, తరువాతి సవరణలతో కలిపి చదివినచో, కర్మాగారమున ప్రథమ చికిత్స పెట్టెను అప్పగించిన మనిషికి ఆ విద్యలో ప్రభుత్వము గుర్తించిన పత్రము ఉండవలెనని చెప్పెను. కర్మాగారపు శిశుశాలను గూర్చి చెప్పునప్పుడు మాత్రము, పిల్లల పోషణలో శిక్షణ పొందిన స్త్రీల అధీనమున ఉండవలెనని చెప్పి ఊరకుండెను. యంత్రముల చెంత నున్న పెట్టెకు అడిగిన పత్రమును ఊయెలల చెంత నున్న స్త్రీకి పేరుపెట్టి అడుగలేదు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించి, 50 మందియు అంతకు పైబడియు ఉద్యోగులు గల సంస్థలు శిశుశాల వసతి కల్పింపవలెనని నిర్ణయించిరి. శిశుశాలలు పెరుగుచున్నవి. వానిలో పనిచేయువారి చేతులకు పరీక్ష పెట్టు ఏర్పాటు కూడ వానితోపాటు పెరుగవలెను.

వీనికంటె ఎన్నో మడుగులు పెద్దది అంగన్వాడీల సంగతి. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన పథకము నేడు దేశమంతట 13 లక్షలకు పైబడిన కేంద్రములుగా విస్తరించినది. ఒక్కొక్క కేంద్రమున సాధారణముగా ఉండువారు ఇద్దరు, కార్యకర్తయు ఆయాయు. ఇంగ్లండులో పిల్లలున్నంతసేపు పత్రము గల మనిషి కనీసము ఒకరు ఆవరణలో ఉండవలెనని నియమము. ఆ నియమమును యథాతథముగా తెచ్చి, కార్యకర్తకు మాత్రము శిక్షణ ఇచ్చి ఊరకున్నచో ఏమగును? ఆమె సమావేశమునకు పోయిన నాడు, పుస్తకములు చూపుటకు కార్యాలయమునకు పోయిన నాడు, పిల్లల చెంత మిగులునది ఆయా. కావున ఇద్దరికిని పరీక్ష ఉండి తీరవలెను.

ఆయాకు పరీక్ష అనగానే ఒక ఆక్షేపణ వచ్చును: ఆమెకు చదువు తక్కువ గదా! నా మనవి ఏమనగా, అందుకొరకే చేతి పరీక్ష కావలెను. అక్షరములు కూడబలుకుకొనలేని స్త్రీ, ఇద్దరు ముగ్గురు బిడ్డలను పెంచిన చేతులతో, పసిబిడ్డ బొమ్మను ముంజేతిపై పట్టుకొను నేర్పు పట్టభద్రురాలికి ఒక్కొక్కప్పుడు రాదు. ప్రశ్నల కాగితముతో పరీక్షించినచో ఈమె తప్పును, ఆమె నెగ్గును. గింజ అడ్డుపడిన నాడు ఫలితము తారుమారు కావచ్చును. ఆస్ట్రేలియా పరీక్షలో జరిగిన సంఘటనను నోటితో చెప్పుటయే గాక వ్రాతమూలకముగా కూడ నివేదింపవలెను. మన ఆయాలకు వ్రాతను పట్టుపట్టనక్కరలేదు. 108కి టెలిఫోను చేసి, ఏ ఊరు, ఏ వీధి, బిడ్డ వయస్సెంత, ఏమి జరిగినది, ఇప్పుడు ఊపిరి ఉన్నదా లేదా అని తడబడకుండ చెప్పగలిగినచో చాలును. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమైన ఆ సేవ ఎందరికో ఆదరువైనది. కాని బండి ఎంత వేగముగా వచ్చినను, అది వచ్చులోపలి నిమిషములు ఆ స్త్రీవే.

ఖర్చు మాట వచ్చును. ఇన్ని కేంద్రములకు బొమ్మలు కొనుట ఎట్లు? ప్రతి కేంద్రమునకు కొననక్కరలేదు. పసిబిడ్డ బొమ్మ చిన్న సంచిలో పట్టును. ఒక ప్రాంతమునకు ఒకటి రెండు కొని, నెలనెల జరుగు సమావేశములకు పర్యవేక్షకురాలు వెంట తెచ్చినచో, తలకు ఐదు నిమిషముల చొప్పున అభ్యాసము నడచును. అది మరింత అవసరము కూడ. ఏలననగా ఈ విద్య నిలువ ఉండునది కాదు. నేర్చిన కొద్ది నెలలకే చేయి మరచుట ఆరంభించునని వైద్యులు పలుమార్లు గమనించిరి. ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్స మొత్తమునకు మూడేండ్ల గడువిచ్చియు, గుండె నొక్కి ఊపిరి ఊదు విద్యను మాత్రము ఏటేట సరిచూచుకొనవలెనందురు. సంచిలోని బొమ్మ మనకు ఏటికి ఒకమారు గాక ఏటికి నాలుగుమార్లు ఆ అవకాశమిచ్చును. గుడ్డతో కుట్టిన బొమ్మయైనను వీపుదెబ్బల భంగిమ నేర్పుటకు పనికివచ్చును గాని, ఊదినప్పుడు ఛాతి లేవదు గనుక తుది పరీక్షకు పనికిరాదు.

తప్పినవారిని ఏమి చేయవలెను? ఉద్యోగము నుండి తీసివేయుట తగదు. వారి జీతములు స్వల్పములు, బాధ్యతలు అనేకములు. శిక్షణ సరిగా ఇయ్యని లోపమును వారి పొట్టపై రుద్దరాదు. ఆ పూటకు పత్రము ఇయ్యక, ఎక్కడ తడబడినదో చెప్పి, పదిరోజులలో మరల పిలిచి పరీక్షింపవలెను. రెండవమారు చాలమంది నెగ్గుదురు. అయితే ఒక్కరినైనను తప్పింపని పరీక్షను మాత్రము నేను నమ్మజాలను.

వినుచున్న తల్లులు శిశుశాలలో బిడ్డను చేర్చునప్పుడు గది వైశాల్యము, పాల వేళలు, నెల రుసుము అడుగుదురు. వానితోపాటు, ఇక్కడ ఎవరెవరికి ప్రథమ చికిత్స వచ్చును, పసిబిడ్డ బొమ్మపై చివరిమారు ఎన్నడు చేసి చూపిరి అని అడుగుడు. పత్రము చూపినచో అందలి తేదీ చూడుడు, అది పిల్లల ప్రథమ చికిత్సకు చెందినదా పెద్దలదా చూడుడు. అంగన్వాడీలోనైనచో కార్యకర్తను, ఆయాను ఇద్దరినీ అడుగుడు. వారి పేర్లు, పరీక్ష నెగ్గిన తేదీలు గోడపై వ్రాసి యుంచుట కష్టము కాదు. వారపు భోజన పట్టిక ప్రక్కన అంత చోటు ప్రతి కేంద్రమునను ఉన్నది.